ఐదులో ఖాళీ

బండి వేళకి వస్తే డ్రైవరు మొనగాడు. ఆలస్యమైతే క్యాబిన్‌లో కూర్చున్నవాడు నిద్రపోయాడు. లోకం తీర్పు ఎప్పుడూ ఇంతే. ఇరవై రెండేళ్లుగా సిగ్నల్ క్యాబిన్‌లో కూర్చుని ఈ మాట వింటున్న మాస్టరుకి చెవులు తుప్పు పట్టిపోయాయి. ఆ ఉదయం ఆలస్యం మాట కట్టుకున్న భార్య నోటే వినాల్సి వస్తుందని తెలిసుంటే అతను సెలవు పెట్టేవాడు.

అది పట్టాలు అయిపోయే స్టేషను. ఆరు ప్లాట్‌ఫారాలు, ఆరింటి చివరా సిమెంటు దిమ్మలు. వచ్చిన బండి ముందుకు పోవడానికి లేదు, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ఎక్కడెక్కడి బండ్లూ మూడు పట్టాల మీద వచ్చి ఆరింట్లోకి దూరాలి, మళ్లీ ఆ మూడింటి మీదే బయటపడాలి. ఒక్కటే స్నానాలగది ఉన్న ఇంట్లో పొద్దున్నే పదిమంది తువ్వాళ్లు భుజాన వేసుకుని నిలబడితే ఎలా ఉంటుందో, రోజంతా అక్కడ అలా ఉంటుంది. లోపలున్నవాడు బయటికి రాడు, బయటున్నవాడు ఊరుకోడు. ఆ తలుపు దగ్గర నిలబడి అందరిచేతా తిట్లు తినే ఉద్యోగం మాస్టరుది.

ఆ రోజు భార్య కూడా ఒక బండిలో వస్తోంది. ఊరికే రావడం కాదు. బడిలో టీచరు ఉద్యోగానికి ఆమె పరీక్ష రాసింది, పాసైంది. తొమ్మిదిన్నరలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఆఫీసు గేటు దాటాలి. గేటు వేశాక ఎంతటివాడు వచ్చినా తీయరు. వచ్చే నెలకి ఆమెకి నలభై ఐదు నిండుతాయి, ఆ తర్వాత పరీక్ష రాయడానికే అర్హత ఉండదు. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు. పెళ్లికి ముందు చదివిన డిగ్రీ కాగితం పంతొమ్మిదేళ్లుగా కాలేజీ బీరువాలోనే పడి ఉంది. దాన్ని తెచ్చుకోవడానికి ముందురోజు వెళ్లి, రాత్రి వాళ్లక్క ఇంట్లో పడుకుంది. తెల్లారగట్ల కారులో దింపుతానని బావగారు అన్నాడు. వద్దన్నది మాస్టరే.

"కారూ వద్దు, బస్సూ వద్దు. ఎనిమిదీ ఇరవైకల్లా బండి ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. సిగ్నలిచ్చేది నేను. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు ఫోన్లో, ఛాతీ అంగుళం పెంచుకుని.

ఎనిమిదింటికి అతను డ్యూటీ ఎక్కేసరికే పని గజిబిజిగా ఉంది. ఎదురుగా గోడంత బోర్డు. ఏ పట్టా మీద బండి ఉంటే అక్కడ ఎర్ర దీపం వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది. ఐదో ప్లాట్‌ఫారం దీపం మాత్రం తెల్లవారుజాము నుంచీ ఆరనంటోంది. బండి ఉన్నా ఎరుపే, లేకపోయినా ఎరుపే. కింద సిగ్నల్ డిపార్టుమెంటువాళ్లు తవ్వి, తీగలు బయటికి లాగి, వాటికేసి విచారంగా చూస్తున్నారు. అలాంటప్పుడు దీపాన్ని నమ్మకూడదు. ప్లాట్‌ఫారం మీదున్న ఇన్‌చార్జి కళ్లారా చూసి ఫోన్లో చెప్పాలి, దాన్నిబట్టి బండిని చేతి జెండా మీద నడక వేగంతో లోపలికి తీసుకోవాలి. క్యాబిన్ కిటికీలోంచి ప్లాట్‌ఫారాల కప్పు కనబడుతుంది తప్ప కప్పు కింద ఏముందో కనబడదు.

"ఐదు దీపం సంగతి తెలుసుగా, అడిగి చూసుకో," అని రాత్రి మాస్టరు రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, సంచీ తగిలించుకుని ఆవులిస్తూ మెట్లు దిగిపోయాడు. మాస్టరు ఆ కొత్త పేజీ మీదే సంతకం పెట్టాడు.

భార్య వచ్చే బండికి పద్దెనిమిది పెట్టెలు. అంత పొడుగు బండి పట్టేవి ఒకటి, రెండు, ఐదు మాత్రమే. ఒకటిలో తొమ్మిదీ నలభైకి బయల్దేరే బండి జనాన్ని ఎక్కించుకుంటోంది. రెండులో ఒకదానికి బ్రేకులు పట్టేసి కదలనని మొరాయించింది. మిగిలింది ఐదు. మాస్టరు ఫోన్ తీశాడు.

ప్లాట్‌ఫారం ఇన్‌చార్జి కొత్తవాడు. రెండు పట్టాలూ ఒక గదీ ఉన్న చిన్న స్టేషను నుంచి బదిలీ మీద వచ్చి మూడ్రోజులైంది. మనిషిని మాస్టరు ఇంకా చూడలేదు, గొంతు మాత్రం వినయంగా ఉంటుంది.

"ఐదు సంగతేంటి?"

"ఐదులో ఖాళీ ఉంది సార్."

మాస్టరు పళ్లు నూరాడు. జనం దిగిపోయాక ప్లాట్‌ఫారం దగ్గర మిగిలిపోయే ఉత్త పెట్టెల వరసకి రూలు పుస్తకంలో ఏదో పొడుగాటి పేరుంది, అది ఎవరికీ అక్కర్లేదు. ఆ స్టేషనులో అందరూ దాన్ని ఖాళీ అంటారు. ఖాళీ కడిగారా, ఖాళీ లాగేశారా, ఇంకా ఖాళీ పెట్టుకు కూర్చున్నారా అని రోజుకి వందసార్లు ఆ మాట తిరుగుతుంది. పొద్దున ఏడింటికి వచ్చిన మెయిలు తాలూకు ఖాళీ ఎనిమిదిన్నర దాకా ఐదులో బైఠాయించడం ఏళ్లనాటి మామూలు.

వెంటనే యార్డుకి ఫోన్ చేశాడు. అక్కడి యార్డ్ మాస్టరుని చిన్నా పెద్దా అంతా బాబాయి అంటారు. ఆయనకి రిటైర్మెంటు దగ్గర పడింది, తొందర అన్నది మాత్రం ఎప్పుడూ దగ్గర పడలేదు.

"బాబాయ్, ఐదులో ఖాళీ లాగించు. ఇంజను పంపు."

"ఇదిగో, పంపిస్తున్నా."

బాబాయి ఏది అడిగినా 'ఇదిగో' అంటాడు. కుర్చీలోంచి లేవకుండా, కాగితం చూడకుండా, అవతలివాడు ఏమన్నాడో పూర్తిగా వినకుండా అంటాడు. ఆ ఇదిగోకి పావుగంట పట్టచ్చు, పూట పట్టచ్చు.

ఎనిమిదీ పదహారుకి భార్య ఎక్కిన బండి బయటి సిగ్నల్ దగ్గర ఆగింది. క్యాబిన్‌కి నాలుగు వందల గజాల దూరం. కిటికీలోంచి ఇంజను ముక్కు స్పష్టంగా కనబడుతోంది. తొమ్మిది నిమిషాల తర్వాత ఫోన్ మోగింది.

"ఏవండీ, మీ బండి ఆగింది."

"నా బండేంటి?"

"నిన్నటిదాకా మీదేగా. సిగ్నలిచ్చేది నేను అన్నారు."

"ప్లాట్‌ఫారంలో ఖాళీ ఉంది. యార్డువాళ్లు లాగాలి. రెండు నిమిషాలు."

"మీ రెండు నిమిషాలు నాకు తెలీవా? పెళ్లిచూపుల రోజు కూడా రెండు నిమిషాల్లో వస్తున్నానని కబురంపి గంటన్నర కూర్చోబెట్టారు."

నవ్వుతూనే అంది. ఇంకా గంటకి పైగా ఉంది కదా. ఆఫీసుకి బస్సులో పావుగంట. మాస్టరు కూడా నవ్వాడు. ఫోన్ పెట్టేశాక నవ్వు కూడా దాంతోపాటే పెట్టేశాడు.

మూడులోకి ఒక లోకల్ బండిని తీసుకున్నాడు, నాలుగులోంచి ఇంకోదాన్ని పంపాడు. చిన్న బండ్లు ఎలకల్లా వస్తున్నాయి, పోతున్నాయి. పద్దెనిమిది పెట్టెల బండి మాత్రం ఎండలో అలాగే నిలబడి ఉంది. పెట్టెల తలుపుల దగ్గర జనం వేలాడుతూ క్యాబిన్ వైపు చూస్తున్నారు. వాళ్లేమంటున్నారో వినకుండానే మాస్టరుకి తెలుసు. పై ఆఫీసు నుంచి కంట్రోలరు ఫోన్ చేసి, "మీ దగ్గర బండి ఆగిందటగా," అన్నాడు, ఆ విషయం మాస్టరుకి కొత్త సమాచారమైనట్టు.

ఎనిమిదీ నలభైకి మళ్లీ ప్లాట్‌ఫారానికి ఫోన్.

"ఏమయ్యా, ఐదులో ఇంకా ఖాళీయేనా?"

"ఖాళీయే సార్."

"నీ కళ్లతో చూసి చెప్తున్నావా, గదిలో కూర్చుని చెప్తున్నావా?"

"ఇక్కడే నిలబడి ఉన్నాను సార్. ఇందాకటి నుంచీ ఖాళీనే."

"ఖర్మ!" అని ఫోన్ విసిరినట్టు పెట్టి, యార్డుకి తిప్పాడు. "బాబాయ్! ఇంజనేదీ?"

"ఇదిగో, నూనె పోసుకుంటోంది."

"నలభై నిమిషాల నుంచి పోసుకుంటోందా? ఏం, తలంటుకుంటోందా? అవతల బండి నిండా జనం!"

"ఇదిగో, ఐపోయింది. నువ్వలా ఒంటికాలి మీద లేవకు, బీపీ వస్తుంది."

తన భార్య ఆ బండిలో ఉందని బాబాయికి చెప్పచ్చు. చెప్తే ఆయన ఒక్కసారైనా కుర్చీలోంచి లేచేవాడేమో. కానీ మాస్టరుకి నోరు రాలేదు. సొంతమనిషి కోసం సిగ్నల్ అడిగాడన్న మాట పడటం అతనికి చావుతో సమానం. అందుకని బండి నిండా జనం అన్నాడు, అందులో ఆమెని కలిపేశాడు.

తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా భార్య మళ్లీ చేసింది. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"మీ క్యాబిన్ నాకు కనబడుతోంది. కిటికీ దగ్గర చేతులూపుతున్నది మీరేనా? ఎవరికైనా సైగ చేస్తున్నారా?"

"తిడుతున్నాను."

"తిట్టడం అయ్యాక సిగ్నలివ్వండి. లేకపోతే నేను దిగిపోతా. నాలుగడుగులు, నడిచొచ్చేస్తా."

"దిగకు! నువ్వు పట్టాల మీద కాలు పెడితే నేను అన్ని లైన్లూ ఆపేయాలి. నిన్ను చూసి ఇంకో యాభైమంది దిగుతారు. ఎవరైనా లోకల్ కింద పడితే?"

"మరి నేనేం చేయను? చెప్పండి. మీరు కూర్చోమంటే కూర్చుంటా. కానీ తర్వాత ఏమీ అనకూడదు."

"కూర్చో. ఇంజను వస్తోంది."

ఆమె కూర్చుంది. అతను మాత్రం కాలుగాలిన పిల్లిలా బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాడు. గడియారం చూడకూడదనుకుంటూ నిమిషానికి రెండుసార్లు చూశాడు. యార్డుని తిట్టాడు, కొత్తవాణ్ని తిట్టాడు, తీగలు లాగినవాళ్లని, బ్రేకులు పట్టేసిన పెట్టెల్ని, అరవయ్యేళ్ల కిందట ఆరు ప్లాట్‌ఫారాలు చాలనుకున్న ఇంజనీరుని కూడా వదల్లేదు. తొమ్మిదీ అయిదు. తొమ్మిదీ పది. ఇన్ని చేతుల్లోంచి బండి పోవాలా, ఒక్కడైనా చేయి కదపడా అని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

తొమ్మిదీ పద్నాలుగుకి యార్డు ఇంజను రానే వచ్చింది. షంటింగ్ సిగ్నల్ కింద ఆగి, డ్రైవరు అక్కడి స్తంభానికున్న ఫోన్ తీశాడు.

"సార్, ఐదులోకెళ్లి ఏం తెమ్మంటారు?"

"ఖాళీ తే. ఇంకేం తెస్తావ్, పూలదండా?"

"ఏ ఖాళీ సార్? మెయిలుదా? దాన్ని ఏడూ యాభైకే నేనే లాక్కొచ్చేశానుగా. కడగడం కూడా అయిపోయింది. బాబాయి మళ్లీ పొమ్మంటే వచ్చా."

మాస్టరు ఫోన్ పక్కన పడేసి రిజిస్టరు పేజీ వెనక్కి తిప్పాడు. పాత పేజీలో ఆఖరి వరస, రాత్రి మాస్టరు గుండ్రటి చేతిరాత: మెయిలు ఖాళీ యార్డుకి, ఏడూ యాభై. కొత్త పేజీ మీద సంతకం పెట్టేముందు ఒక్క కాగితం తిప్పి చూసుంటే సరిపోయేది.

ప్లాట్‌ఫారానికి ఫోన్ చేశాడు.

"ఐదులో ఖాళీ ఉందన్నావ్?"

"ఉంది సార్. పొద్దున్నుంచీ అంతా ఖాళీనే. ఈగ కూడా లేదు. మూడుసార్లు చెప్పాను." కొత్తవాడి వినయం కొంచెం తగ్గింది. "ఇంత చోటుంచుకుని బండి ఎందుకు పంపట్లేదా అనుకున్నా. పెద్ద స్టేషను కదా, మీకేవో లెక్కలుంటాయిలే అని ఊరుకున్నా."

ఇంత చోటు. వాడి చిన్న స్టేషనులో ఖాళీ అంటే ఖాళీయే. అక్కడే కాదు, భూమ్మీద ఎక్కడైనా అంతే, ఈ ఒక్క దిక్కుమాలిన స్టేషనులో తప్ప.

బండి తొమ్మిదీ ఇరవై ఆరుకి ఐదులోకి వచ్చింది. జనం బిలబిలమంటూ దిగి పరిగెత్తారు. కప్పు కింద ఆమె ఎటు పరిగెత్తిందో మాస్టరుకి కనబడలేదు. బస్సు దొరికినా, దాని ముందు తనే పరిగెత్తినా, నాలుగు నిమిషాల్లో చేరే దూరం కాదది. మాస్టరు కుర్చీలో కూలబడ్డాడు. గంటసేపు లోకాన్నంతా తిట్టిన నోటికి ఇప్పుడు తిట్టడానికి ఒక్క మనిషి మిగల్లేదు. బండి నా చేతిలో ఉంది అన్నట్టు మాట్లాడాడు. ఉంది, నిజంగానే. ఆ చేత్తోనే దాన్ని పట్టుకుని గంటా పది నిమిషాలు వదల్లేదు.

పదింటికి ఫోన్ వచ్చింది. "గేటు మూసేశారు," అంది. ఏడవడం లేదు, అరవడం లేదు, అందుకే అతనికి భయమేసింది. "గుమాస్తా మంచివాడే. ఆఫీసరు ఒంటిగంట దాకా ఉంటారట. బండి వల్లే ఆలస్యమైందని రైల్వే నుంచి ఉత్తరం తెస్తే లోపలికి పంపిస్తానన్నాడు. కానీ ఉత్తరంలో ఎంతసేపు ఆగిందో, ఎందుకు ఆగిందో, తప్పెవరిదో ఉండాలట. ఆలస్యమైంది అని ఊరికే రాసిన కాగితాలు రోజుకి నలభై చూస్తున్నాడట. నేను వస్తున్నా, రాయించి పెట్టండి."

స్టేషన్ సూపరింటెండెంటు గదిలో ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా గాజుగుండ్లు పెట్టి ఉన్నాయి. క్యాబిన్‌లో ఇంకొకర్ని కూర్చోబెట్టి వచ్చిన మాస్టరు చెప్పిందంతా విని ఆయన తల పట్టుకున్నాడు.

"ఎంతసేపు ఆగిందో ఇప్పుడే రాసిస్తా. ఎందుకు ఆగిందంటే ఎలా రాయను? దీపం చెడిందని రాస్తే సిగ్నల్‌వాళ్లు ఒప్పుకోరు. యార్డు అంటే బాబాయి ఒప్పుకోడు. వాళ్లిద్దరూ, మనమూ కూర్చుని సంతకాలు పెడితేగానీ కారణం అన్న మాట ఈ గది దాటదు. నాలుగు రోజులు, తక్కువ పడితే."

"ఒంటిగంటకి కావాలి సార్."

"ఒక దారుంది. ఆ కొత్తవాడు తప్పుడు సమాచారం ఇచ్చాడని రాయి."

ఆ ఆలోచన మాస్టరుకి రాలేదని అంటే అబద్ధం. మెట్లు దిగుతూ మూడుసార్లు వచ్చింది. కానీ అడగాల్సిన ప్రశ్న రూలులో అచ్చయి ఉంది: లైను మీద ఏదైనా నిలబడి ఉందా? ఉంది, లేదు అన్న రెండే జవాబులు. అలా అడగాల్సింది క్యాబిన్. 'సంగతేంటి' అని అడిగి, 'ఇంకా ఖాళీయేనా' అని అడిగి, వచ్చిన జవాబు మీద చిందులు తొక్కింది తను.

"వాడు ఉన్నదే చెప్పాడు సార్. పైగా వాడి మీద రాస్తే వాడూ ఒప్పుకోడు, మళ్లీ నాలుగు రోజులు. నా తప్పని నేను రాసిస్తే?"

"అప్పుడు ఒక్క సంతకం చాలు, నీది." సూపరింటెండెంటు గొంతు తగ్గించాడు. "ఆలోచించుకో. నా కుర్చీ ఖాళీ అవుతోంది, వచ్చే నెల ప్రమోషను లిస్టులో నీ పేరు ముందుంది. ఇది రాశావంటే ఇప్పటికిప్పుడు నిన్ను డ్యూటీలోంచి దింపాలి, కేసు రాయాలి. లిస్టులోంచి పేరు పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేను."

మాస్టరు రాశాడు. ఎనిమిదీ పదహారు నుంచి తొమ్మిదీ ఇరవై ఆరు దాకా బండిని అకారణంగా నిలిపింది క్యాబిన్ మాస్టరు పొరపాటు వల్ల, మరెవరికీ సంబంధం లేదు. మూడు వరసలు రాయడానికి మూడు కాగితాలు పాడయ్యాయి. సూపరింటెండెంటు కింద ముద్ర వేసి, మొహం తిప్పుకుని చేతికిచ్చాడు.

బస్సు దొరక్క సగం దూరం నడిచి, ఆమె పన్నెండుకి వచ్చింది. జుట్టు చెదిరింది, ఒక చెప్పు పట్టీ తెగి పిన్నీసుతో పెట్టుకుంది. వరండాలో బల్ల మీద అతని పక్కన కూర్చుని ఉత్తరం చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"పొరపాటు మీదా?"

"నాదే."

"యార్డువాళ్లది అన్నారు."

"అనుకున్నాను. నాదే." ఖాళీ మాట చెప్పాడు, పేజీ తిప్పని సంగతీ చెప్పాడు. కారులో రావద్దన్నది తనేనని కూడా చెప్పాడు, ఆమెకి తెలియనట్టు.

"ఇది రాస్తే మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"ఈ వేళప్పుడు క్యాబిన్‌లో ఉండకుండా వరండాలో కూర్చున్నారు. ఏమవుతుంది?"

"డ్యూటీలోంచి దింపారు. లోపల వాంగ్మూలం తీసుకోవాలన్నారు. ప్రమోషను పోతుంది," అన్నాడు.

ఇప్పుడు ఆమె ఏమంటుందో అతనికి తెలుసు. అయ్యో వద్దులెండి, నా ఉద్యోగం ఎక్కడికి పోతుంది, మీది ముఖ్యం అంటుంది. పెద్దాడు పుట్టినప్పుడు ఒక ఉద్యోగం ట్రైనింగు మానేసిందీ అలాగే అన్నాక. అతని రాత్రి డ్యూటీలకి కుదరదని దొరికిన ప్రైవేటు బడి వదిలేసిందీ అలాగే అన్నాక. ఆమె అలా అంటుంది, తను ఫర్వాలేదు తీసుకో అని బతిమాలతాడు, ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆ బతిమాలడానికి కావాల్సిన మాటలు కూడా అతను సిద్ధం చేసుకున్నాడు.

ఆమె ఉత్తరం నాలుగు మడతలు పెట్టలేదు, ముద్ర నలుగుతుందని సగానికే మడిచింది. డిగ్రీ కాగితం ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు సంచీలో పెట్టి, జిప్పు లాగింది.

"పన్నెండూ పదికి బస్సుంది," అని లేచింది.

"నేనూ రానా?"

"మీ వాంగ్మూలం తీసుకోవాలన్నారుగా లోపల. ఉండండి."

గబగబా మెట్లు దిగింది. తెగిన చెప్పుతో సరిగ్గా నడవలేక, రెండూ విప్పి చేత్తో పట్టుకుని స్టేషను ముందరి వీధిలో పరిగెత్తింది. ఒక్కసారైనా వెనక్కి చూస్తుందని మాస్టరు నిలబడ్డాడు. చూడలేదు. బస్సెక్కింది, బస్సు కదిలింది. మొదట అతనికి చుర్రుమంది. ఒక్క మాట అనకుండా ఎలా తీసుకుపోయింది అనుకున్నాడు. తర్వాత సిగ్గేసింది, ఆ సిగ్గు కోపం కన్నా చాలాసేపు ఉంది.

సూపరింటెండెంటు తలుపు తీసి తొంగి చూశాడు. "ఏమందయ్యా? వద్దనలేదా?"

"అనలేదు సార్. తీసుకుంది."

"అంతేనా?"

"పంతొమ్మిదేళ్లలో ఇదే సార్, తను వద్దనకుండా తీసుకున్నది," అని మాస్టరు లోపలికి వచ్చి, వాంగ్మూలం రాయడానికి కాగితం అడిగాడు.